మీ చేనికి వాన పుస్తకం రాసుకోండి

మాది అనంతపురం జిల్లా. ఎర్రనేలలో ఐదెకరాల చేను. వేరుశనగ వేస్తాం, మధ్యలో కంది సాళ్లు. మా మామ కార్తెలు చూసి సేద్యం చేశాడు. ఇప్పుడు కార్తెలు మాట నిలబెట్టుకోవడం లేదు. అందుకే ఆరేళ్లుగా నేను వాన లెక్క రాస్తున్నాను. దీనికి ఖర్చు లేదు, మీరూ మొదలుపెట్టండి.

అడుగు చదునుగా, గోడలు నిలువుగా ఉన్న స్టీలు డబ్బా తీసుకోండి. పైన వెడల్పు, కింద సన్నం ఉండే గ్లాసు వద్దు, లెక్క తప్పుతుంది. చెట్టుకైనా గోడకైనా దాని ఎత్తుకు రెండింతల దూరంలో, కుక్కలు పడదోయకుండా రాళ్ల మధ్య బిగించండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలు ముంచి చూడండి. వాతావరణ శాఖ వాళ్లు కొలిచేదీ అదే వేళకు. స్కేలు మీద సున్నాకు ముందు కాస్త ఖాళీ ఉంటుంది, దాన్ని కోసేయండి. నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత వాన. 10 మిల్లీమీటర్లంటే ఎకరాకు దాదాపు 40 వేల లీటర్లు.

వాన పడ్డాక ఊరికే రాసి వచ్చేయకండి. చేలో చిన్న గుంత తీసి పదును, అంటే నేలలో తడి, ఎంత లోతు దిగిందో చూడండి. బెత్తెడా, జానెడా? ఒకసారి గంటలో 40 మిల్లీమీటర్లు కురిసింది. గుంత తీస్తే బెత్తెడే తడి. మిగతా నీళ్లు మా మట్టిని కూడా తీసుకుని వంకలో కలిశాయి.

అన్నిటికంటే ముఖ్యం వాన పడని రోజులు. వాటిని ఎర్ర పెన్సిల్‌తో లెక్కపెట్టండి. మా జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన. అంత వానా యాభై రోజుల్లో పడితే పంట, పదిహేను రోజుల్లో పడితే అప్పు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత అవుతోంది. నడుమ ఎండలకు నేలలో పదును తొందరగా ఆరిపోతోంది.

"మఖా పుబ్బలు వరుపైతే మహా కరువు" అనేవాడు మామ. వరుపంటే వాన లేకపోవడం. జూలైలో వేసిన వేరుశనగకు ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగేది సరిగ్గా ఆ కార్తెల్లోనే, ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా. నా పుస్తకంలో ఒక ఏడు అక్కడ 23 రోజులు వరుసగా ఎరుపే. నేల గట్టిపడి ఊడలు దిగలేదు. వాన నీళ్లు నిలిపే గుంట ఉండుంటే పంట ఎండిపోకుండా ఒక్క రక్షక తడి ఇచ్చేదాన్ని. మరుసటి ఏడు చేను వాలులో గుంట తవ్వించాం. ఎంత పెద్దది కావాలో ఆ ఎర్ర గీతలే చెప్పాయి.

2021 నవంబరు పేజీ వేరేగా ఉంటుంది. కడప జిల్లాలో అన్నమయ్య డ్యాం తెగిన రోజులవి. మా దగ్గర ముసురు విడవక కంది పూతంతా రాలిపోయింది.

ఎదురు పేజీలో వాన కానివి రాయండి. ఆరుద్ర పురుగులు ఎప్పుడు కనిపించాయి, మామిడి పూత, వేప పూత ఏ తేదీకి వచ్చాయి, బోరు ఎన్ని గంటలు పోసింది. మనుషుల సంగతీ రాయండి. ఎద్దులను ఎవరు ఎప్పుడు అమ్మారు, బెంగుళూరు పనులకు ఎన్ని ఇళ్లు తాళం వేశాయి, వాళ్ల పిల్లల బడి ఏమైంది. ఇవి రాసేటప్పుడు చేయి ఆడదు, అయినా వదలకండి. ఎర్ర గీతలు పెరిగిన ఏడాదే తాళాలూ పెరిగాయని నాకు తెలిసింది ఈ పేజీల వల్లే.

పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకు ఈ పుస్తకం చూపించండి. మండలంలో వాన కొలిచేచోట పడింది, మన చేలో పడకపోవచ్చు. తేదీలు చేతిలో ఉంటే టెన్షన్ పడకుండా మాట్లాడవచ్చు.

పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను రాత తడిస్తే అలుక్కుపోతుంది.