అబ్‌స్ట్రాక్ట్ వాటర్‌కలర్ నేర్పాలంటే ముందు తడి చూడ్డం నేర్పండి

డ్రాయింగ్ రానివాళ్లకి అబ్‌స్ట్రాక్ట్ (ఫలానా వస్తువని కాకుండా రంగులూ ఆకారాలతోనే వేసే బొమ్మ) ఈజీ కదా అని పేరెంట్స్ అడుగుతుంటారు, కానీ నేర్పేవాళ్లకి తెలుసు, మామిడిపండు వెయ్యమంటే ఎవరైనా ఏదోటి వేసేస్తారు, "నీకు నచ్చింది వెయ్యి" అంటే మాత్రం తెల్ల పేపర్ వంక చూస్తూ కూర్చుండిపోతారు. అందుకే నేను ఫస్ట్ క్లాస్‌లో బొమ్మ మాటే ఎత్తను, తడి ఎలా ఉంటే రంగు ఎలా పోతుందో అదొక్కటే చూపిస్తాను.

పేపర్ దగ్గర మాత్రం పొదుపు చెయ్యొద్దండి. మామూలు డ్రాయింగ్ షీట్ నీళ్లు తగలగానే ఉబ్బిపోయి రంగంతా గుంటల్లోకి చేరుతుంది, పిల్లలేమో తప్పు తమదే అనుకుంటారు. 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ పేపర్ (మందంగా, కాస్త గరుగ్గా ఉండే వాటర్‌కలర్ పేపర్) కొని ఏ4 షీట్‌ని నాలుగు ముక్కలు చేస్తే ఖర్చూ తగ్గుతుంది, పాడైపోతుందేమో అన్న భయమూ తగ్గుతుంది. ముక్కని నాలుగువైపులా మాస్కింగ్ టేప్‌తో అట్టకి అంటించాలి. నీళ్లకి రెండు గ్లాసులు, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి శుభ్రంగా ఉంచడానికి. రంగులు కూడా రెండే, అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు. పన్నెండు రంగుల బాక్స్ చేతికిస్తే పన్నెండూ కలిపేసి బురద చేస్తారు, ఈ రెండూ కలిస్తే మాత్రం చక్కటి బూడిద రంగొస్తుంది, పైగా అల్ట్రామెరీన్ రేణువులు పేపర్ గరుకులోకి దిగి సన్న ఇసక చల్లినట్టు కనబడతాయి.

ఇప్పుడు అసలు పని. పెద్ద బ్రష్‌తో ఉత్త నీళ్లు పూయించి, అట్టని కంటి ఎత్తుకి లేపి కిటికీ వెలుతుర్లో పక్కనుంచి చూడమనండి. అద్దంలా మెరుస్తున్నప్పుడు చుక్క పెడితే రంగు ఎటుపడితే అటు పాకిపోతుంది. మెరుపు పోయి పేపర్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు పెడితే కొంచమే పాకి అంచు మెత్తగా ఆగుతుంది, పూర్తిగా ఆరాక అయితే గీత గీసినట్టు నిలబడుతుంది. ఈ మూడూ మూడు ముక్కల మీద చేయించండి, తొందరపెట్టొద్దు. ఎండాకాలంలో ఫ్యాన్ కట్టెయ్యకపోతే రెండో దశ చూసేలోపే ఆరిపోతుంది.

సగం ఆరిన రంగు మీద నీళ్లెక్కువున్న బ్రష్ తగిలితే కాలీఫ్లవర్ లాంటి మరక వస్తుంది కదా, ఒకమ్మాయి అది చూసి "పాడైపోయింది మేడం" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సరే అలాంటిదే దాని పక్కన ఇంకోటి తెప్పించు అన్నాను. నాలుగోసారికి వచ్చింది, ఎప్పుడు ముట్టుకోవాలో చేతికి తెలిసిపోయింది, ఆ తర్వాత ఆ మరకని తనే కావాలని వాడ్డం మొదలుపెట్టింది. నాకు ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తడి రంగు మీద కల్లుప్పు చల్లి చుక్కల్లాంటి మచ్చలు తెప్పించే ట్రిక్ కూడా ఉంది కానీ ఒక్కసారి చూపించి ఆపెయ్యండి, లేకపోతే ఇంక ప్రతి పేపర్ మీదా ఉప్పే.

రెండో క్లాస్‌లో పాల్ క్లీ అనే యూరప్ చిత్రకారుడి గురించి చెప్తాను. 1914 ఏప్రిల్‌లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా వెళ్లి అక్కడి ఊళ్లనీ తోటల్నీ రంగు గళ్లుగా మార్చి వాటర్‌కలర్స్ వేశాడు, అంటే గాల్లోంచి పుట్టించలేదు, కళ్లముందున్నదాన్నే రంగులుగా చూశాడు. ఇది చెప్పాక పిల్లల్ని డాబా మీదకి తీసుకెళ్లి కళ్లు సగం మూసి చూడమంటాను. పక్కింటి గోడ, నీళ్ల ట్యాంకు, దండెం మీద చీరలు, అన్నీ కరిగిపోయి నాలుగైదు మచ్చలు మిగుల్తాయి, ఆ మచ్చలే వెయ్యాలి, పేర్లు పెట్టకూడదు. మచ్చకీ మచ్చకీ మధ్య దారమంత పొడి తెలుపు వదిలితే రంగులు కలవవు, ఒకచోట మాత్రం కావాలనే తగలనివ్వమనండి, బొమ్మ అక్కడే ప్రాణం పోసుకుంటుంది.

వేశాక "ఇదేంటి?" అని మాత్రం అడక్కండి, అలా అడిగితే వెంటనే కొండలూ సూర్యుడూ పెట్టేస్తారు. నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది, ఎక్కడ బరువుగా ఉంది అని అడగండి, అట్టని తలకిందులుగా తిప్పి మళ్లీ అడగండి. ఇంకేం వెయ్యాలా అని వెతుక్కుంటున్నారంటే వాళ్ల చేతిలోంచి బ్రష్ తీసేసుకోవాల్సిన టైమ్ అయ్యిందన్నమాట. టేప్ తియ్యడానికి మాత్రం అరచేతి వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిల్తే ఇంకా తడుంది, ఆరాకే బయటివైపుకి ఏటవాలుగా మెల్లగా లాగమనండి.