సీసాలో గాలి పీడనం చూద్దాం

భీమిలిలో ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్స్ చెబుతాను. గాలికి బరువుందంటే ఒక పట్టాన నమ్మరు. అందుకే ఏటా వాళ్ల చేత ఇది చేయిస్తాను.

ఖాళీ గాజు సీసా తీసుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, అదే నొక్కుకుపోతుంది. బెలూన్ మెడ కత్తిరించి, మిగిలిన రబ్బరును సీసా మూతి మీద బిగుతుగా లాగి రబ్బరు బ్యాండు వేయండి. గాలి ఏమాత్రం దూరకూడదు. నేను మొదటిసారి చేసింది అక్కడే చెడింది. రబ్బరు నడిమధ్య స్ట్రా ఒక చివర అంటించి, రెండో చివర వెనక గీతల కాగితం నిలబెట్టండి.

బయట పీడనం పెరిగితే రబ్బరు లోపలికి కుంగి, స్ట్రా కొన పైకి లేస్తుంది. తగ్గితే కొన దిగుతుంది. ఎండ తగిలితే లోపలి గాలి వ్యాకోచించి కొలత తప్పుతుంది, నీడలోనే ఉంచండి. రోజూ ఒకే టైమ్‌కి గుర్తు పెట్టండి. మన దగ్గర ఉదయం పదింటికి పీడనం కాస్త ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి కాస్త తక్కువ ఉండటం మామూలే. అది వాన సూచన కాదు.

సముద్రమట్టం దగ్గర సగటు పీడనం 1013 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం). 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు దాని కేంద్రంలో సుమారు 950. ఆ లోటు వైపు చుట్టూ ఉన్న గాలి దూసుకెళ్లింది. మన ఊళ్లో చెట్లు కూలింది ఆ తేడా వల్లే.

ఇంకొకటి. మైదానంలో గాలికి వీపు పెట్టి నిలబడండి. భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో గాలి కుడికి మళ్లుతుంది, కాబట్టి అల్పపీడనం మీ ఎడమ వైపు ఉంటుంది. సాయంత్రం సముద్రపు గాలిలో ఇది కుదరదు. తుపాను రోజున మాత్రం పిల్లల్ని బయటకు పంపొద్దు, దయచేసి.