గ్లైడర్ నేర్చుకోవడానికి ఖర్చు లెక్క వేసుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గ్లైడర్ శిక్షణ దొరకదు. భోగాపురం విమానాశ్రయం ప్రయాణికుల విమానాలకే గాని ఇంజను లేని ఈ విమానాలకు కాదు. ఈ విద్యకు చాలాకాలంగా పేరున్న చోటు పుణెలోని హడప్సర్. ఆమదాలవలసలోనో విజయనగరంలోనో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారకుండా పుణెలో దిగవచ్చు. అయితే టికెట్టు తీసే ముందే ఫోను చేసి, శిక్షణ నడుస్తున్నదీ లేనిదీ, గ్లైడరును ఒకసారి గాలిలోకి లేపడానికి, అంటే లాంచ్‌కు ఎంత, గాలిలో నిమిషానికి ఎంత తీసుకుంటారో అడిగి రాసుకోవాలి.

చాలామంది గంటకు ఎంతని అడుగుతారు. దానితో లెక్క తేలదు. నేలమీది వించ్ యంత్రం కిలోమీటరు పొడవు తాడును చుట్టుకుంటూ గ్లైడరును గాలిపటంలా 300, 400 మీటర్ల ఎత్తుకు లాగుతుంది. అక్కడ పైకి లేచే వేడిగాలి దొరక్కపోతే ఐదారు నిమిషాల్లో దిగిపోవలసిందే. లైసెన్సుకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వయసు 16 ఏళ్లు నిండాలి, కనీసం 6 గంటలు ఎగరాలి; అందులో 2 గంటలు ఒంటరిగా, 20 లాంచ్‌లు, ల్యాండింగ్‌లతో. 6 గంటలంటే 360 నిమిషాలు, అంటే ఆరేసి నిమిషాల చొప్పున 60 లాంచ్‌లు. లాంచ్‌కు వెయ్యి రూపాయలనుకుంటే 60,000 అవుతుంది. మరో విమానంతో లాగించుకుంటే ఎక్కువ ఎత్తు వస్తుంది గాని, ఆ విమానం ఇంధనం ఖర్చు కూడా మనమీదే పడుతుంది.

నా లెక్కలో అసలు బరువు ఇది కాదు, రోజులు. దిగిన గ్లైడరును తోసుకుంటూ వెనక్కి తేవడం, రెక్క కొన పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తడం, తాడు తగిలించడం అన్నీ శిక్షణార్థులే చేస్తారు కనుక, ఎండలో రోజంతా నిలబడితే మూడు లాంచ్‌లు దక్కవచ్చు. (జీడితోటలో కూలికి పోయినంతగా ముఖం నల్లబడుతుంది.) ఆ లెక్కన 60 లాంచ్‌లకు 20 రోజులు, గాలి, వాన, తెగిన తాడు కలుపుకుంటే నెల. కాబట్టి నెల అద్దె, భోజనం ముందే కలపాలి, విడతలు విడతలుగా వెళ్లి రైలు ఖర్చు పెంచుకోకూడదు. ఫిబ్రవరి నుంచి మే వరకు దక్కన్ ఎండలకు వేడిగాలులు బాగా లేస్తాయి. గద్ద రెక్క ఆడించకుండా ఎక్కినట్టు ఒక్క లాంచ్‌తో అరగంట ఉండవచ్చు, లాంచ్‌ల సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన వైద్యుడి దగ్గర రెండో తరగతి (క్లాస్ 2) వైద్య పరీక్ష బయలుదేరే ముందే చేయించుకోండి. అక్కడికి వెళ్లాక కూడా సొమ్మంతా ఒకేసారి కట్టకుండా ఒక్క పరిచయ ప్రయాణానికే చెల్లించండి. పైన గిరగిరా తిరిగేటప్పుడు కడుపులో తిప్పే మనిషైతే ఆ సంగతి ఒక్క లాంచ్ ఖర్చుతోనే తెలిసిపోతుంది.