పెల్విక్ ఫ్లోర్ మోడల్: గోడ జారకపోతే ఎక్కడ వెతకాలి

ఎంఆర్‌ఐ స్కాన్ నుంచి పెల్విక్ ఫ్లోర్‌కు (కటి అడుగున అవయవాలను మోసే కండరాలు, కణజాలం) ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే కంప్యూటర్ నమూనా) కట్టి, ముక్కినప్పుడు యోని ముందు గోడ ఎంత కిందికి జారుతుందో చూసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: మొదటి స్టెప్‌లోనే అవయవాలు ఎగిరిపోతున్నాయి, లేదా అసలు కదలడం లేదు.
కారణం: చాలాసార్లు యూనిట్లే. స్కాన్ కొలతలు మిల్లీమీటర్లలో వస్తాయి. బలాన్ని న్యూటన్లలో ఇస్తే పీడనం మెగాపాస్కల్స్‌లో ఉండాలి.
పరిష్కారం: 100 సెంటీమీటర్ల నీటి మట్టం అంటే దాదాపు 10 కిలోపాస్కల్స్. మోడల్‌లో 0.01 అని రాయండి, 10000 కాదు. కణజాలం గట్టిదనాన్నీ అదే యూనిట్‌లో ఇవ్వాలి. ఈ తప్పు వెతకడానికి నాకు ఒక వారం పట్టింది.

సమస్య: సగం లోడ్‌కే సాల్వర్ (లెక్కలు చేసే ప్రోగ్రామ్) ఆగిపోతోంది.
పరిష్కారం: లోడ్‌ను చిన్న స్టెప్పులుగా పెంచండి. ఎర్రర్ చూపిన ఎలిమెంట్ (చిన్న ముక్క) ఉన్నచోటే మెష్ (ఆ ముక్కల వల) సరిచేయండి. మొత్తం మెష్‌ను సన్నం చేస్తే రాత్రంతా కంప్యూటర్ తిరగడమే మిగులుతుంది.

సమస్య: ఎంత మెత్తగా పెట్టినా కణజాలం బిగుసుకుపోయినట్టే ఉంది.
కారణం: నాలుగు నోడ్‌ల (మూల బిందువుల) టెట్రా ఎలిమెంట్లకు, అంటే నాలుగు ముఖాల ముక్కలకు, 0.499 లాంటి పాయిసన్ నిష్పత్తి (కణజాలం ఘనపరిమాణం దాదాపు మారదని చెప్పే విలువ) ఇస్తే లాకింగ్ వస్తుంది, అంటే ముక్కలు లేనిపోని గట్టిదనం చూపిస్తాయి.
పరిష్కారం: 10 నోడ్‌లవి లేదా హైబ్రిడ్ ఎలిమెంట్లు (పీడనాన్ని విడిగా లెక్కించేవి) వాడండి.

సమస్య: గోడను బాగా బలహీనం చేశాను, అయినా పెద్దగా జారడం లేదు.
కారణం: తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, మన ఊహది. గోడ తనంతట తాను నిలబడి లేదు. పైన కార్డినల్, యుటిరోసాక్రల్ లిగమెంట్లు ఉట్టి తాళ్లలా పట్టుకుంటాయి. కింద లెవేటర్ యానై కండరం పీటలా కాస్తుంది. తాడు వదులైనా పీట ఉంటే కుండ కింద పడదు. కండరం సడలితే యోని ద్వారం తెరుచుకుంటుంది. అప్పుడు గోడకు లోపల కడుపు పీడనం, బయట మామూలు గాలి. ఆ తేడాయే గోడను కిందికి నెడుతుంది. మిషిగన్ యూనివర్సిటీలో డిలాన్సీ, ఆష్టన్-మిల్లర్ బృందం 2009లో ప్రచురించిన మోడల్‌లోనూ కండరం, పై ఆధారాలు దెబ్బతిన్నప్పుడే జారడం పెరిగింది. కండరం దెబ్బతినడానికి ప్రధాన కారణం కాన్పు. అదే బృందం 2004 నాటి కాన్పు మోడల్‌లో లోపలి కండరం 3.26 రెట్లు సాగింది.
పరిష్కారం: కండరాన్ని 0, 20, 40, 60 శాతం బలహీనం చేస్తూ, ప్రతిసారీ లిగమెంట్లనూ అవే మెట్లలో తగ్గించండి. మొత్తం 16 రన్లు. ఒక్క రన్‌తో నిర్ణయానికి రావద్దు.

సమస్య: డాక్టర్ పరీక్షలో కొలిచినదానికీ మోడల్‌కూ పొంతన లేదు.
కారణం: స్కాన్‌లో మనిషి పడుకుని ఉన్నా లోపల కొంత పీడనం ఉండనే ఉంది. మోడలేమో ఆ ఆకారాన్ని లోడ్ లేనిదిగా తీసుకుంటుంది.
పరిష్కారం: విశ్రాంతి పీడనాన్ని తీసేసి, ముక్కినప్పుడు పెరిగినంతే లోడ్‌గా ఇవ్వండి. జారుడును డాక్టర్లు కొలిచినట్టే హైమెన్ (యోని ద్వారం దగ్గరి పొర) నుంచి సెంటీమీటర్లలో కొలవండి.