హీబ్రూ ప్రవక్తలను ఎలా అధ్యయనం చేయాలి?

బైబిలులోని హీబ్రూ ప్రవక్తల గ్రంథాలను తొలిసారి శ్రద్ధగా చదవబూనేవారు యెషయాతో మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ గ్రంథంలో 66 అధ్యాయాలు ఉన్నాయి. అందులోని మాటల వెనుక ఒకటి కాదు, పలు కాలాల పరిస్థితులు ఉన్నాయి. ఆమోసు గ్రంథం 9 అధ్యాయాలే కాబట్టి ఒకే విడతలో పూర్తవుతుంది. పైగా మాట్లాడినవాడెవరో, ఎవరితో మాట్లాడాడో, విన్నవారు ఏమన్నారో కూడా అందులోనే తెలుస్తుంది. తెకోవకు చెందిన ఆ పశువుల కాపరి ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలులోని బేతేలుకు వెళ్లి ప్రవచించినప్పుడు, యాజకుడైన అమజ్యా అతణ్ణి దక్షిణ రాజ్యమైన యూదాకు పోయి అక్కడే పొట్టపోసుకొమ్మని గద్దించిన సంగతి 7వ అధ్యాయంలో ఉంది.

చదవడానికి ముందు మూడు సంవత్సరాలను గుర్తుపెట్టుకుంటే చాలు: క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరు సామ్రాజ్యం చేతికి చిక్కింది, 587 ప్రాంతంలో బబులోను సేనలు యూదా రాజధాని యెరూషలేమును నాశనం చేశాయి, 538లో పారసీక రాజు కోరెషు చెరలో ఉన్నవారు తిరిగి వెళ్లడానికి అనుమతించాడు. ఏ ప్రవక్త వీటిలో దేనికి ముందువాడో, దేనికి తరువాతివాడో తెలిస్తే బెదిరింపుకూ ఓదార్పుకూ కారణం అర్థమవుతుంది. రాజుల వివరాలకు రెండవ రాజుల గ్రంథం 14వ అధ్యాయం నుండి చివరివరకు చదవాలి.

తరువాత వచనాలను విడివిడిగా ఏరుకోకుండా, ఒక ప్రసంగాన్ని మొదటినుండి చివరిదాకా పట్టుకోవాలి. ఆమోసు మొదటి రెండు అధ్యాయాలనే చూడండి. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు అంటూ పొరుగువారి నేరాలను ఒక్కొక్కటిగా చెబుతూ ఉంటే, వింటున్న ఇశ్రాయేలీయులు తలలూపి ఉంటారు. ఆ తరువాత యూదా వంతు వస్తుంది. ఆ వెంటనే తీర్పు వింటున్న ఇశ్రాయేలీయులమీదికే తిరుగుతుంది. చెప్పుల జత కోసం బీదవారిని అమ్మేసిన నేరం వారిదే. ఒక్క వచనమే చదివితే, శ్రోతలను నెమ్మదిగా చుట్టుముట్టే ఈ ఎత్తుగడ కనిపించదు.

యిర్మీయా 29:11 విషయంలోనూ ఇదే జరుగుతోంది. మేలు చేసే ఉద్దేశాలను గూర్చిన ఆ వాగ్దానాన్ని శుభాకాంక్షల కార్డులమీద అచ్చువేస్తారు. కాని అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోని మాట, దాని ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాల గడువు ఉంది. అంటే ఉత్తరం అందుకున్న పెద్దలలో అధికులు ఆ తిరుగు ప్రయాణాన్ని చూడరు. రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని హనన్యా అనే ప్రవక్త చెప్పినది 28వ అధ్యాయంలో చదివి, ఆపై ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమాన్ని కోరండి అన్న యిర్మీయా సలహాను చదివితే, ఆ వాగ్దానపు బరువు తెలుస్తుంది.

నేటి అన్వయాన్ని ఈ పని అయ్యాకే చేయాలి. ప్రవక్త ఏ అన్యాయాన్ని పేరుపెట్టి చెప్పాడు, దానివల్ల లాభపడినవారెవరు, వారు తమను ఎలా సమర్థించుకున్నారు అని అడగాలి. ఆమోసు 8వ అధ్యాయంలోని వర్తకులు విశ్రాంతి దినాన్ని పాటిస్తూనే, అది ఎప్పుడు ముగుస్తుందా, కొలపాత్రను చిన్నది చేసి, తూనికరాయిని పెద్దది చేసి, గోధుమలతోపాటు తాలు కూడా ఎప్పుడు అమ్ముదామా అని ఎదురుచూస్తారు. పాత ధరకే ప్యాకెట్‌లోని సరుకును గుట్టుగా తగ్గించడం దీనికి దూరమేమీ కాదు. దానికి భిన్నంగా, నేటి యుద్ధ వార్తలను ప్రవచనాలకు ఒక్కొక్కటిగా జతపరచే పద్ధతిని నేను సమర్థించను. అందులో తీర్పు ఎప్పుడూ ఇతరులమీదే పడుతుంది, ఆమోసు నడిపిన వరుసకు అది పూర్తిగా విరుద్ధం.

యూదుల, క్రైస్తవుల పఠన సంప్రదాయాలను కలిపివేయకూడదు. యూదుల క్రమంలో దానియేలు ప్రవక్తల విభాగంలో ఉండదు. యెహోషువ నుండి రాజుల వరకు గల గ్రంథాలు మాత్రం అందులో ఉంటాయి. యెషయా 7వ అధ్యాయాన్ని క్రైస్తవులు యేసు జననంతో ముడిపెడతారు, కాని ఆ మాటను మొదట విన్నది శత్రువుల దాడికి వణికిన ఆహాజు రాజు. ఈ రెండింటినీ నోటుపుస్తకంలో వేర్వేరుగా రాసుకోవాలి.

ఆమోసు తరువాత హోషేయ, మీకా, ఆపై యిర్మీయా చదివి, యెషయాకు అప్పుడు రావచ్చు. యెహెజ్కేలు, జెకర్యాల దర్శనాలను చివరికి ఉంచుకోవాలి. జెకర్యాకు ముందు, క్రీ.పూ. 520 నాటి రెండు అధ్యాయాల హగ్గయిని ఎజ్రా 5, 6 అధ్యాయాలతో పక్కపక్కన పెట్టుకొని చదవాలి.