ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం పట్టుకోవడం

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే లారీలో, ఇంజన్ చల్లగా ఉన్నా ఆయిల్ వేడి గరిష్ఠంగా కనిపిస్తే, సెన్సర్ కొనే ముందు దాని కనెక్టర్ ఊడదీసి, స్కానర్‌లో (ఇంజన్ కంప్యూటర్ రీడింగులు చూపే పరికరంలో) రీడింగ్ గమనించాలి. రెండు తీగల ఎన్‌టీసీ (వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే) రకంలో అది సుమారు మైనస్ 40 డిగ్రీలకు పడిపోతే సెన్సరే లోపల షార్ట్ అయినట్టు; కదలకపోతే సిగ్నల్ తీగ ఎక్కడో బాడీకి తగులుతుండవచ్చు. సైలెన్సర్ పక్కన కాలి, రాగి బయటపడ్డ తొడుగును ముందుగా చూడడం మేలు.

రీడింగ్ ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటే, ఇగ్నిషన్ ఆన్ చేసి ఊడదీసిన కనెక్టర్ పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టాలి. చాలా వాహనాల్లో అక్కడ దాదాపు 5 వోల్టులు వస్తాయి. అవి రాక, సిగ్నల్ పిన్నుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య మాత్రమే వస్తే, గ్రౌండ్ తీగ తెగినట్టే. వోల్టేజీ సరిగా ఉంటే సెన్సర్ నిరోధాన్ని కొలవాలి. ఆయిల్ వేడెక్కేకొద్దీ అది తగ్గాలి.