నైట్రో ట్రక్కు నీడిల్ ముట్టుకునే ముందు

నైట్రో ట్రక్కు అంటే మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ మోడల్ ట్రక్కు. దాని ట్యాంకు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ రావాలని హై స్పీడ్ నీడిల్ (ఇంజన్‌కి ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) బిగించేయకండి. ఈ ఇంజన్‌కి ఆయిల్ అందేది ఇంధనంలోంచే. ఇంధనం తగ్గితే ఆయిలూ తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది.

– ఎయిర్ ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించారా? కృష్ణ ఇసుకలో నడిపితే ప్రతిసారీ తప్పదు.

– ఇంధనం డబ్బా మూత బిగించండి. మిథనాల్ తేమను లాగేస్తుంది, బెజవాడ గాలిలో తేమకు కొదవ లేదు.

– ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్, తర్వాతే ట్రక్కు. ఫెయిల్‌సేఫ్ బ్రేక్ (సిగ్నల్ పోతే దానంతటదే పడే బ్రేక్) పడుతోందా చూడండి.

– ఇంజన్ బాగా వేడెక్కాకే ట్యూనింగ్. నీడిల్‌ని ఒక్కోసారి గడియారం నిమిషాల ముల్లు ఐదు నిమిషాలు జరిగినంతే తిప్పండి. గట్టిగా లాగించినప్పుడు సైలెన్సర్ నుంచి నీలిపొగ సన్నగా రావాలి. పొగ ఆగిపోతే వెంటనే నీడిల్‌ని వెనక్కి తిప్పండి.

– పిల్లల్ని దూరంగా ఉంచండి. మిథనాల్ మంట ఎండలో కంటికి కనిపించదు.